కమలాపూర్ ఏ జిల్లాలో ఉంది? (లేదా, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భజన ఇక చాలు)

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ళ తరబడి అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది. "ప్రొసీజర్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగుకూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగుకూ గల తేడాలు రాయుము." పేజీ మధ్యలో స్కేలుతో నిలువు గీత. ఎడం పక్క సి, కుడి పక్క సి ప్లస్ ప్లస్ లేదా జావా. ఎడం పక్క టాప్-డౌన్, కుడి పక్క బాటమ్-అప్. ఎడం పక్క డేటాకి రక్షణ లేదు, కుడి పక్క ఉంది. ఆఖరి గడిలో, "మెయింటెయిన్ చేయడం కష్టం", "మెయింటెయిన్ చేయడం సులువు". కరీంనగర్లో చదివిన నాలుగేళ్ళలో నేనూ దీన్ని ఒకటికి మూడుసార్లు రాసుంటాను. మీరూ రాసే ఉంటారు.

పరీక్షతో పోయుంటే ఇప్పుడు ఇంత లొల్లి చేసేవాణ్ణి కాదు. ఆ గీత గీసినవాళ్ళే తర్వాత టీమ్ లీడ్లయ్యారు, ఆర్కిటెక్టులయ్యారు. మీటింగుల్లో ఇప్పటికీ అదే గీత గీస్తారు. "పాత కోడ్ ప్రొసీజరల్, దాన్ని మెయింటెయిన్ చేయలేం, జావాలో తిరగరాద్దాం" అని ఒకరు అంటారు, మిగతావాళ్ళు తలలూపుతారు, ఏడాదిన్నర గడిచిపోతుంది, 90 ఫైళ్ళు 900 అవుతాయి. ఆ తర్వాత రాత్రి రెండింటికి ఫోనెత్తి ఆ తొమ్మిది వందల్లో తప్పు వెతికేది మాత్రం ఆర్కిటెక్టు కాదు. నిరుడు కాలేజీ నుంచి వచ్చిన మంచిర్యాల పిల్లాడో జగిత్యాల పిల్లో.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవడానికి మీకు సులువుగా ఉంటుంది. మనలో చాలామంది పొట్టకూటికి రాసే సాఫ్ట్‌వేర్, అంటే రికార్డులు, బిల్లులు, బకాయిలు, ప్రభుత్వం ఎప్పటికప్పుడు మార్చే రూల్సు, ఇలాంటి వాటికి క్లాసుల వంశవృక్షం మేలు చేయదు, కీడే చేస్తుంది. వాస్తవాలు టేబుల్లో ఉండాలి, రూల్సు మామూలు ఫంక్షన్లలో ఉండాలి. భాష ఏదైనా సరే.

మెయింటెనెన్స్ అంటే ఏంది? రాసినప్పుడు లేని మార్పు తర్వాత వచ్చిపడటం. ఈ సంగతి ఉమ్మడి ఆదిలాబాద్, ఉమ్మడి కరీంనగర్ జిల్లాల వాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. మా ఇంటి ముందు మూడు బళ్ళుంటాయి. నాన్న పాత స్కూటర్ మీద ఏపీ 01. అన్న బండి మీద టీఎస్ 19. నా బండి మీద టీజీ 19. మూడూ ఒకే ఇంటివి, ఒకే ఊరివి. ఇల్లు అంగుళం కూడా కదల్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న దసరా రోజు జిల్లా మారింది, 2024 మార్చిలో టీఎస్ కాస్తా టీజీ అయ్యింది. పదేళ్ళలో మూడు మార్పులు! వీటిలో ఒక్కటి కూడా ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులోనూ ముందుగా రాసి ఉండదు కదా.

జిల్లాల సంగతే కాస్త దగ్గరగా చూద్దాం. 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్. అక్కడ లెక్క కాస్త సాఫీ. కరీంనగర్ కథ వేరు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల అని నాలుగు చెప్పేసి ఊరుకుంటే సరిపోదు. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి సిద్దిపేటకు పోయాయి. మహదేవ్‌పూర్, కాటారం జయశంకర్ భూపాలపల్లికి పోయాయి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ అర్బన్‌లో చేరాయి. అక్కడితో అయిపోయిందా? లేదు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయ్యింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయ్యింది.

ఇప్పుడు చెప్పండి, కమలాపూర్ ఏ జిల్లాలో ఉంది?

ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నప్పుడు నేను ఈ ప్రశ్న అడుగుతుంటాను. చాలామంది వెంటనే "అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ రీజియన్, దాని కింద స్టేట్, దాని కింద డిస్ట్రిక్ట్, దాని కింద మండల్" అని బోర్డు మీద బాణాలు వేయడం మొదలెడతారు. బాణాలు అందంగానే ఉంటాయి. వచ్చిన గొడవ ఏమిటంటే, ఒక మండలం ఏ జిల్లాలో ఉందనేది దాని పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నిజమైన ఒక సంగతి, అంతే. మండలం కోడ్, జిల్లా కోడ్, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. నాలుగు కాలమ్స్. కమలాపూర్‌కి మూడు వరసలు. బాణాలు గీయకుండా "ఏ తేదీకి సార్?" అని ఎదురు ప్రశ్న వేసిన అమ్మాయి ఇప్పుడు మా టీములోనే ఉంది.

ఇంకో తిరకాసు కూడా గమనించండి. "వరంగల్" అనే పేరు 2015లో ఒక జిల్లా, 2022లో వేరే జిల్లా. "ఆదిలాబాద్", "కరీంనగర్" కూడా అంతే. పేరు అదే, నేల వేరు. పేరునే తాళంచెవిగా వాడుకున్న ప్రతి ప్రోగ్రామూ దసరా రోజు నుంచి అబద్ధం చెప్పడం మొదలెట్టింది. అది సి లో రాశారా జావాలో రాశారా అన్నది అనవసరం.

ఈ అబద్ధం ఎవరి నెత్తిన పడుతుందో నాకు స్వయంగా తెలుసు. నా పదో తరగతి మెమో మీద ఆదిలాబాద్ జిల్లా అని ఉంటుంది, 2013ది మరి. ఆధార్ మీద మంచిర్యాల. ఒక ఆన్‌లైన్ దరఖాస్తు (ఎవరిదన్నది వదిలేద్దాం) రెండు పేర్లనూ అక్షరం అక్షరం పోల్చి చూసి "వివరాలు సరిపోలలేదు" అని తిప్పికొట్టింది. మూడు వారాలు, ఎన్నో ఫోన్లు. అవతల ఫోనెత్తినాయన పాపం మంచివాడే. "మాకు తెలుసు సార్, సిస్టం ఒప్పుకోవట్లేదు" అన్నాడు. సిస్టం ఒప్పుకోకపోవడం ఏంటండీ, దానికేమైనా పట్టుదలా? ఎవరో ఒక పోలిక రాశారు, దాన్ని ఎక్కడెక్కడ రాశారో ఇప్పుడు ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరూ మార్చలేరు. మెయింటెనెన్స్ కష్టం అంటే నా లెక్కలో ఇదీ. ఒక సంగతి ఎన్నిచోట్ల రాసి ఉంది, ఆ చోట్లు దొరుకుతాయా లేదా. ఆ నిలువు గీతకి అటు ఇటు ఉన్న ఏ గడిలోనూ ఈ ముక్క లేదు.

ఇక కరెంటు బిల్లు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భక్తులకు నేను ఇచ్చే రెండో పరీక్ష ఇది. (డిస్కం కోడ్ గురించి కాదు నేను మాట్లాడేది, ఇంటికొచ్చే బిల్లు గురించి.) కేటగిరీలు చూడగానే ఎవరికైనా క్లాసులే గుర్తొస్తాయి. ఎల్‌టీ-1 ఇళ్ళు, ఎల్‌టీ-2 దుకాణాలు, ఎల్‌టీ-3 పరిశ్రమలు, ఎల్‌టీ-5 వ్యవసాయం... ప్రతిదానికీ ఒక క్లాస్, అన్నిటికీ ఒకే తల్లి "వినియోగదారు", అందరిలోనూ "బిల్లు లెక్కించు" అనే మెథడ్. పుస్తకంలో బొమ్మలాగా ఉంటుంది.

ఇప్పుడు ఎల్‌టీ-1 లోపలికి వెళ్ళండి. 2022–23 టారిఫ్ ప్రకారం ఇంటి కనెక్షన్లో నెలకు 100 యూనిట్ల లోపైతే ఒక ఉపకేటగిరీ: మొదటి 50కి యూనిట్‌కు రూ. 1.95, తర్వాతి 50కి రూ. 3.10. వంద దాటి 200 లోపైతే ఇంకో ఉపకేటగిరీ: మొదటి వందకు రూ. 3.40, ఆ పైన రూ. 4.80. రెండొందలు దాటితే మూడోది: మొదటి రెండొందలకూ రూ. 5.10, ఆ పైన రూ. 7.70 నుంచి మొదలై పైకి. లెక్కేయండి. సరిగ్గా 100 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ రూ. 252.50. ఒక్క యూనిట్ ఎక్కువైతే రూ. 344.80. అమ్మ "నెలాఖరుకు కూలర్ బంద్ చెయ్యిరా" అని ఎందుకు మొత్తుకుంటుందో ఇప్పుడర్థమైందా?

అంటే అదే ఇల్లు, అదే మీటరు, జనవరిలో ఒక ఉపకేటగిరీ, మే నెలలో మరొకటి. మరి మీ సబ్‌క్లాసుల సంగతి? జావాలో ఒక ఆబ్జెక్ట్ ఏ క్లాసుగా పుట్టిందో ఆ క్లాసుగానే పోతుంది. నెలనెలా కులం మార్చుకోదు. "అయితే ప్రతి నెలా కొత్త ఆబ్జెక్ట్ సృష్టిస్తాం" అంటారు. సృష్టించండి. ఏ క్లాసుది సృష్టించాలో తేల్చడానికి యూనిట్లు చూసి ఒక ఇఫ్ కండిషన్ రాయాలిగా? ఆ ఇఫ్ వద్దనేగా క్లాసులు పెట్టింది! "స్ట్రాటజీ ప్యాటర్న్ వాడతాం" అంటారు కాస్త చదువుకున్నవాళ్ళు. 1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం కూడా వారసత్వం కంటే కూర్పే మేలని చెప్పింది కాబట్టి ఆ మాట గౌరవంగానే తీసుకుంటాను. కానీ ఇక్కడ ఆ స్ట్రాటజీ ఆబ్జెక్టుని విప్పి చూస్తే లోపల ఉన్నది ఒక్క ఫంక్షన్. ఫంక్షన్‌కి కోటు తొడిగి ఆబ్జెక్ట్ అంటున్నాం, అంతే.

అసలు దెబ్బ 2024 మార్చి బిల్లుల్లో తగిలింది, గృహజ్యోతితో. అర్హత ఉన్న రేషన్ కార్డు ఇళ్ళకి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. వంశవృక్షం ఉన్నవాడు ఏం చేస్తాడు? "జీరో బిల్లు వినియోగదారు" అని ఇంకో సబ్‌క్లాస్ పెట్టి, బిల్లు లెక్కించే మెథడ్లో సున్నా తిరిగి ఇస్తాడు. టెస్టు పాసవుతుంది, డెమో అదిరిపోతుంది. కానీ ఆలోచించండి, ఆ కరెంటు నిజంగా ఉచితం కాదు. ఆ సొమ్ము డిస్కంకి ప్రభుత్వం కట్టాలి. ఎంత కట్టాలో తెలియాలంటే బిల్లు మామూలుగానే లెక్కవ్వాలి. మారింది మొత్తం కాదు, కట్టేవాడు. అదే మామూలు ఫంక్షన్లతో రాసుంటే బిల్లు లెక్కించే ఫంక్షన్ని తాకనే తాకం. దాని తర్వాత "ఎవరు కట్టాలి" అని ఇంకో చిన్న ఫంక్షన్, అర్హుల పట్టిక ఒకటి, అంతే. రేట్లన్నీ టేబుల్లో: ఉపకేటగిరీ, ఎన్ని యూనిట్ల నుంచి ఎన్ని దాకా, రేటు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. రెండేళ్ళ కిందటి బిల్లు మీద ఎవరైనా గొడవకొస్తే అప్పటి తేదీ ఇస్తే అప్పటి బిల్లే వస్తుంది. (రేట్లు పైసల్లో, పూర్ణ సంఖ్యల్లో పెట్టుకోండి నాయనా. డబ్బుని ఫ్లోట్‌లో పెట్టేవాళ్ళ మీద ఇంకో టపా బాకీ ఉన్నాను.)

దీని వెనకున్న సూత్రం కొత్తదేం కాదు. 1998లో ఫిలిప్ వాడ్లర్ దీనికి "ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్" అని పేరు పెట్టాడు. మీ ప్రోగ్రాములో రకాలు కొన్ని, వాటి మీద చేసే పనులు కొన్ని ఉంటాయి. క్లాసులతో కడితే కొత్త రకం చేర్చడం సులువు, కొత్త పని చేర్చాలంటే ప్రతి క్లాసూ తెరవాలి. ఫంక్షన్లతో కడితే కొత్త పని సులువు, కొత్త రకం వస్తే ప్రతి ఫంక్షనూ తెరవాలి. కాబట్టి అడగాల్సింది "ఏ భాష ఆధునికం?" అని కాదు, "మా దగ్గర ఏది ఎక్కువగా మారుతుంది?" అని. కరెంటు కేటగిరీలు ఎన్నాళ్ళకోసారి పెరుగుతాయి? ఎలక్ట్రిక్ బళ్ళ చార్జింగుకని ఒకటి చేరింది, అలాంటివి అరుదు. రూల్సు, రాయితీలు, రిపోర్టులు? ప్రతి బడ్జెట్‌కీ, ప్రతి ఎన్నికకీ. మన ప్రభుత్వాలను చూస్తూ కూడా "రకాలే మారతాయి, పనులు మారవు" అని డిజైన్ చేసేవాడి ధైర్యానికి దండం పెట్టాలి. :)

అలాగని క్లాసులు పనికిరావని నేను అనట్లేదు. గోదావరిఖని పక్కన సింగరేణి ఓపెన్ కాస్ట్ గని చూసినవాళ్ళకి ఈ ముక్క ఇట్టే అర్థమవుతుంది. షావెల్ దగ్గర డంపర్లు వరస కడతాయి, నింపుకుంటాయి, డంప్ యార్డుకి పోతాయి, మధ్యలో ఒకటి చెడిపోతుంది, మళ్ళీ వస్తాయి. ఎన్ని డంపర్లు ఉంటే షావెల్ ఖాళీగా నిలబడదు అన్నది లెక్క తేల్చాలంటే సిమ్యులేషన్ రాయాలి. అక్కడ ప్రతి డంపరూ నిజంగానే ఒక ఆబ్జెక్ట్: దాని స్థితి దానిది, దాని ప్రవర్తన దానిది. రేపు కొత్త రకం డంపర్ వస్తే కొత్త క్లాస్ పెట్టుకోవచ్చు. అసలు క్లాస్ అనే ఆలోచన పుట్టిందే ఇలాంటి పనికోసం. నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ 1960లలో సిములా చేసింది సిమ్యులేషన్ల కోసమే, పేరులోనే ఉంది. తెర మీద కిటికీలు, బటన్లు గీసే పనీ అలాంటిదే. గనిలో డంపర్‌కి సరిపోయిన చొక్కాని తీసుకొచ్చి తహసీల్దారు ఆఫీసు రికార్డుకి తొడిగితేనే నా గొడవంతా.

"సరే అన్నా, మరి సి లో రాసిన 50 వేల లైన్ల కోడ్, అన్నీ గ్లోబల్ వేరియబుల్సే, దాన్ని మెయింటెయిన్ చేయి చూద్దాం" అని మొన్న మా టీములో ఒక తమ్ముడు సవాలు విసిరాడు. చేయలేను తమ్మీ. అలాంటి కోడ్ చూస్తే నాకూ జ్వరమొస్తుంది. కానీ అక్కడ దొంగ గ్లోబల్ వేరియబుల్, ఫంక్షన్ కాదు. మొదటి ఏడాది ల్యాబులో ఫైల్ తెరిచే ప్రోగ్రాం రాశావు కదా? ఎఫ్‌ఓపెన్ నీకొక ఫైల్ పాయింటర్ ఇస్తుంది. దాని లోపల ఏముందో ఎప్పుడైనా చూశావా? చూడాల్సిన అవసరం వచ్చిందా? డేటాని దాచడం అంటే అదే, అదీ సి లోనే, క్లాస్ అన్న మాట లేకుండా. 1991 నుంచి బతుకుతున్న లైనక్స్ కెర్నెల్ ఎక్కువభాగం సి. అందులో ప్రతి ఫైల్ సిస్టమూ తన ఫంక్షన్ పాయింటర్లు నింపిన ఒక స్ట్రక్చర్ ఇస్తుంది, పైనున్న కోడ్ ఆ స్ట్రక్చర్‌తోనే మాట్లాడుతుంది. రకాలు నిజంగా మారే చోట ఆ పద్ధతి, మిగతా చోట్ల మామూలు ఫంక్షన్లు. అక్కడ నిలువు గీత ఎవరూ గీయలేదు.

డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశాడు, ప్రోగ్రామును ఏ ఆధారంగా ముక్కలు చేయాలో. పనుల వరస ప్రకారం కాదు, రేపు మారగల ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ వెనక దాచిపెట్టండి అన్నది ఆయన వాదన. జావా అప్పటికి ఇంకో ఇరవై ఏళ్ళ దూరంలో ఉంది. ఆ వ్యాసం మన సిలబస్‌లో చదివించి ఉంటే బాగుండేది. బదులుగా మనకు నేర్పింది ఏంటంటే, ప్రతి వేరియబుల్నీ ప్రైవేట్ చేసి, వెంటనే దానికి ఒక గెట్, ఒక సెట్ రాయడం. దర్వాజకు తాళం వేసి, చెవిని ఆ గొళ్ళానికే వేలాడదీసినట్టు. దాన్ని ఎన్‌క్యాప్సులేషన్ అని పిలిచి ఐదు మార్కులు వేశారు.

ఇంకొక అపార్థం కూడా ఇక్కడే తీర్చేస్తాను, లేకపోతే కింద వ్యాఖ్యల్లో అదే నడుస్తుంది. నేను కరెంటు బిల్లుని సి లో రాయమనట్లేదు. మెమరీ మనమే చూసుకోవాల్సిన భాషలో డబ్బు లెక్కలు రాయడం ఇవాళ ఎవరికీ అవసరం లేదు. జావాలోనే రాయండి. స్టాటిక్ మెథడ్లు, మారని రికార్డులు, ఒక టేబుల్. పైథాన్ అయితే క్లాస్ అన్న మాటే లేకుండా హాయిగా రాయొచ్చు. 2009లో వచ్చిన గో భాషలో వారసత్వమే లేదు. రస్ట్‌లోనూ లేదు. ఆ భాషలు చేసినవాళ్ళకు ఆబ్జెక్టుల గురించి తెలియక కాదు కదా, తెలిసే వదిలేశారు. భాష ఎంచుకునేటప్పుడు నేను చూసేది వేరే: మన ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు అందులో పట్టుందా, డీబగ్గర్ బాగుందా, పదేళ్ళ తర్వాత దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయా. క్లాసులున్నాయా లేవా అన్నది ఆ లిస్టులో చాలా కిందుంటుంది.

మరి ఇంతమంది పెద్దవాళ్ళు ఎందుకు భజన చేస్తారు అంటే, నాకు తోచింది చెప్తాను. టేబుల్, నాలుగు ఫంక్షన్లు చూపిస్తే క్లయింటుకి అది పనిలా కనపడదు. నలభై పెట్టెలు, వాటి మధ్య బాణాలు చూపిస్తే ఆరుగురు మనుషులకు ఏడాది బిల్లింగ్ కనిపిస్తుంది. మేము పనిచేసిన ఒక ప్రాజెక్టులో (కంపెనీ పేరు అడగొద్దు) ఒక రాయితీ శాతం మార్చడానికి పదకొండు ఫైళ్ళు తెరవాల్సి వచ్చింది. పదకొండింటిలో తొమ్మిది ఫైళ్ళు పక్క ఫైల్‌ని పిలవడం తప్ప ఏ పనీ చేయవు. డిజైన్ రివ్యూలో ఆ డయాగ్రామ్‌కి చప్పట్లు కొట్టారని విన్నాను.

మీ దగ్గర ఎలా ఉందో మీరే చూసుకోండి. పోయిన ఆరు నెలల్లో మీ టీముకొచ్చిన చేంజ్ రిక్వెస్టులు తీయండి. ఒక్కోదానికి ఎన్ని ఫైళ్ళు తాకారో రాయండి. పక్కనే ఆ మార్పు కొత్త రకమా, కొత్త రూలా, లేక ఉత్త అంకె మార్పా అన్నది కూడా రాయండి. వర్షన్ కంట్రోల్లో అన్నీ ఉంటాయి, ఒక పూట పని. మేం వచ్చే వారం కూర్చుంటున్నాం. లెక్కలు తేలాక ఇక్కడే పెడతాను, మీవి కూడా పంపండి. నా వాదనకి అడ్డం తిరిగే లెక్కలైతే ఇంకా ముందుగా పంపండి.